ట్యూషన్ ఫీజు పక్కన ఇంకో నాలుగు కాలమ్‌లు పెట్టండి సార్

ఉన్నత విద్యామండలి పెద్దలకు, ఇంజనీరింగ్ ఫీజులు ఖరారు చేసే టీఏఎఫ్ఆర్సీ సభ్యులకు, ఎప్‌సెట్ అడ్మిషన్లు చూసే సార్లకు మేడమ్‌లకు నమస్తే.

నాది జగిత్యాల జిల్లాల ఒక మండల కేంద్రం. బస్టాండు ఎదురుంగ చిన్న నెట్ సెంటర్, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక లామినేషన్ మిషన్, అంతే. ఏడాదంతా ఆధార్ జిరాక్సులు, కరెంటు బిల్లులు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ అప్లికేషన్లు ఉంటయి గానీ ఎప్‌సెట్ రిజల్ట్ వచ్చిందంటే మాత్రం నా దుకాణం కౌన్సెలింగ్ సెంటర్ లెక్కనే అయితది. చుట్టుపక్కల పన్నెండు పదమూడు ఊర్ల పిల్లలకి స్లాట్ బుకింగ్ నేనే చేస్త, ప్రాసెసింగ్ ఫీజు 1200 నేనే కడత, ఎస్సీ ఎస్టీ పిల్లలకైతే 600, వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ఏ బ్రాంచ్ కావాలనో వరుసగా ఎంచుకునేది, నేనే పెడత, అలాట్‌మెంట్ ఆర్డర్ ప్రింట్ తీసి చేతికిచ్చేది నేనే. ఎంసెట్ అన్నప్పటి నుంచి చేస్తున్న, ఎప్‌సెట్ అయినంక కూడా చేస్తున్న. నేను చదివింది డిగ్రీ సెకండ్ ఇయర్ దాకనే, కాబట్టి ఇందుల చదువు గురించి పెద్దపెద్ద మాటలు చెప్పను, నేను రోజు చూసేది పైసల లెక్క, దాని గురించే రాస్తున్న.

పిల్లలు వచ్చేటప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకొని వస్తరు, అందుల కాలేజీ కోడ్‌లు రాసుకొని ఉంటరు, పక్కన సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్డీ, ఐటీ అని, అన్ని కంప్యూటర్ దిక్కు బ్రాంచ్‌లే. వాళ్ళు అడిగేది ఈ ర్యాంకుకి ఇది వస్తదా అన్నా అని. దానికి నా దగ్గర జవాబుంది, మీరు సైట్‌ల పెట్టిన పోయినేడు లాస్ట్ ర్యాంక్ షీట్ తీస్త, ఏ సీటు ఏ ర్యాంకు దాకా పోయిందో అందుల ఉంటది, కాలేజీ కోడ్, బ్రాంచ్, ఓసీ బాయ్స్, బీసీ-బీ గర్ల్స్, అన్ని వరుసగా ఉంటయి, చూసి చెప్త. కానీ వెనక ప్లాస్టిక్ కుర్చీల కూసున్న తల్లో తండ్రో ఒక్కటే అడుగుతరు, "నాలుగేండ్లకు మొత్తం ఎంత పడ్తది సారూ?" దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ షీట్ చివర్ల ట్యూషన్ ఫీ అని ఒక్క కాలమ్ ఉంటది కదా, ఆ ఒక్క అంకె చూసి చెప్పాలె. ఆ అంకె తప్పేం కాదు, ఖరారైన ఫీజే, కానీ ఇంటి నుంచి పోయే పైసల్ల అది ఒక భాగమే సార్.

పోయినేడు జులైల ఒక తల్లి బిడ్డ వచ్చిన్రు. ఆ తల్లి బీడీలు చేస్తది, ఆమె పక్కన నిలబడి స్క్రీన్ చూపిస్తుంటే వేళ్ళకి తంబాకు వాసన ఇంకా ఉన్నది, చాట పక్కన పెట్టి అట్లనే బస్సెక్కి వచ్చినట్టుంది. బిడ్డ ఇంటర్ల మంచి మార్కులు, ఎప్‌సెట్‌ల ర్యాంకు పది వేలు దాటింది. ఆ తల్లి కొంగుముడి విప్పి ఒక కాగితం తీసింది, ఎరువుల దుకాణం బిల్లు, దాని వెనకాల నీలం పెన్నుతో రాసి ఉంది: 90 − 35 = 55, బస్ ఫ్రీ. ఇంకేం లేదు. హైదరాబాద్ శివార్ల ఒక కాలేజీ నుంచి పిల్లల్ని చేర్పించనీకి వచ్చిన పీఆర్వో వాళ్ళ ఇంట్ల మంచం మీద కూసొని రాసిచ్చిండంట. అంటే ఫీజు 90 వేలు, గవర్నమెంట్ కట్టే రీయింబర్స్‌మెంట్ 35 వేలు పోతే మీరు కట్టేది 55 వేలే అని. ఆ లెక్కల అబద్ధం లేదు, బీసీ పిల్లలకి పది వేల లోపు ర్యాంకు అయితేనే మొత్తం ఫీజు వస్తది, దాటితే 35 వేలే. నేను కూడా ఆ కాగితం చూసి సరే అనుకొని ఆ కోడ్‌నే ఫస్ట్ ఆప్షన్ పెట్టిన. ఇప్పటికీ అది నా మనసుల ముల్లు లెక్క ఉంది.

సీటు వచ్చింది, రిపోర్ట్ చేయనీకి పోయిన్రు. అక్కడ కౌంటర్ల ఇంకో కాగితం చేతిల పెట్టిన్రు. స్పెషల్ ఫీజు, అక్రెడిటేషన్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, యూనిఫామ్, ల్యాబ్ రికార్డులు కలిపి ఏడాదికి 12 వేలు. బస్సు ఫ్రీ నిజమే గానీ ఫస్ట్ ఇయర్ ఒక్కదానికే, సెకండ్ ఇయర్ నుంచి 38 వేలు. అదీ సిటీల చుట్టాల ఇంట్ల ఉండి పోయొస్తే, ఆ అమ్మాయికి చిన్నమ్మ ఉన్నది కాబట్టి సరిపోయింది, లేకపోతే హాస్టల్. థర్డ్ ఇయర్ల, ఫోర్త్ ఇయర్ల ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని 15 వేల చొప్పున, అది వద్దంటే కుదరదంట. నేను తర్వాత కూసొని కూడిన సార్. ట్యూషన్ మిగులు 2 లక్షల 20 వేలు, బస్సు 1 లక్షా 14 వేలు, పైఫీజులు 48 వేలు, ట్రైనింగ్ 30 వేలు. మొత్తం 4 లక్షల 12 వేలు. ఎరువుల బిల్లు వెనకాల రాసింది 55, నాలుగేండ్లకు 2 లక్షల 20 వేలు. మిగిలిన 1 లక్షా 92 వేలు ఆ కాగితం మీద ఎక్కడా లేదు, మీ షీట్‌ల లేదు, నా నోటి నుంచి కూడా రాలేదు.

ఆ తల్లి మహిళా సంఘంల లోన్ తీసుకున్నది, ఇంకో సంఘంల తోడుకోడలి పేరు మీద ఇంకోటి తీసుకున్నది. ఆ కాగితాలు జిరాక్స్ చేయించుకోనీకి మళ్ళ నా దగ్గరికే వచ్చింది, నన్ను ఒక్క మాట అనలే, "మీకేం తెలుస్తది సారూ లోపట ఎట్లుంటదో" అన్నది. నాకు తెలవాలె కదా మరి, రోజూ ఇదే పని చేసేటోనికి.

ఇంకో సంగతి, ఆమె ర్యాంకుకి పోయినేడు లాస్ట్ ర్యాంకు ప్రకారం మంథని యూనివర్సిటీ కాలేజీల సీఎస్ఈ వచ్చే ఛాన్స్ ఉండె. జేఎన్టీయూ సొంత కాలేజీ, ప్రభుత్వానిది. మా జిల్లాలనే కొండగట్టు దగ్గర నాచుపల్లిల ఇంకోటి ఉంది, సిరిసిల్లల ఉంది, సుల్తాన్‌పూర్‌ల ఉంది, వనపర్తిల ఉంది. అక్కడ చదివిన పిల్లలు చెప్పిన దాని ప్రకారం హాస్టల్ మెస్ బిల్లు నెలకు 3 వేలు అటుఇటు, ఎంత తింటే అంత పంచుకుంటరు, కాలేజీ బస్సు అనే మాటే లేదు, ట్రైనింగ్ ఫీజు లేదు. కానీ ఆ కాలేజీల నుంచి పీఆర్వోలు ఊర్లకు రారు, వాటికి ఫ్లెక్సీలు ఉండవు, బస్టాండుల పాంప్లెట్ ఉండదు, అందుకే ఆ తల్లి చెవిన ఆ పేరు పడనే లేదు. నేను చెప్తే "అదెక్కడో సింగరేణి దిక్కు కదా" అన్నది. అక్కడ చదివితే మొత్తం ఇంత, ఇక్కడ చదివితే మొత్తం ఇంత అని ఒక్క గీత మీద పక్కపక్కన చూపించి ఉంటే ఆమె అంత తొందరగా వద్దనకపోవు, ఆమెకు లెక్క రాక కాదు, వెయ్యి బీడీలకు ఎంత కూలి, ఎంత ఆకు, ఎంత కటింగ్ అని వేళ్ళ మీద చెప్తది.

మా ఇంట్ల సంగతి కూడా చెప్త. మా చెల్లె కొడుకు ఒక ప్రైవేట్ కాలేజీల సీఎస్ఈ నాలుగేండ్లు పూర్తి చేసిండు, ఉద్యోగం కూడా వచ్చింది, జాయినింగ్ రోజుల్ల ఒరిజినల్స్ అడిగిన్రు. కాలేజీకి పోతే రీయింబర్స్‌మెంట్ బకాయి 1 లక్షా 5 వేలు గవర్నమెంట్ నుంచి రాలేదు, అది మీరు కట్టి టీసీ, మెమోలు తీసుకపోండి, గవర్నమెంట్ వేసినంక మీకు వాపస్ ఇస్తం అన్నరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోవద్దని ఇంజనీరింగ్ కాలేజీలను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ రూల్ ఉందని నేనే ఫోన్ల చూపించిన, కాలేజీ ఆఫీసుల ఉన్నాయన చూసి, అయితే ఏఐసీటీఈ దగ్గరకే పోండి అన్నడు. బావ మిర్చి అమ్మిన పైసలు పెట్టి తెచ్చుకున్నం. కాలేజీ వాళ్ళ బాధ కూడా నాకు తెలుసు, బకాయిలు రాక జీతాలు ఇయ్యలేకపోతున్నం అని 2025 నవంబర్ల బంద్ కూడా పెట్టిన్రు కదా. ఇద్దరి నడుమ నలిగేది పిల్లగాడు. తక్కువల అయిపోతదని చేరిన కాలేజీ చివర్ల వచ్చి లక్ష మీద పడితే ఇంక దాన్ని తక్కువ అని ఎట్లంటం?

ఆ తర్వాత నుంచి నేను ఒక పని మొదలుపెట్టిన సార్. సెలవులకి ఊరికి వచ్చిన పిల్లలు స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం నా దగ్గరికే వస్తరు, ఈపాస్ అప్లికేషన్ చేసేటప్పుడు ఒక్కొక్కరిని అడుగుత, ఏడాదికి ఏం కట్టినవ్, రసీదు ఉందా, రసీదు లేకుండా ఏమన్న తీసుకున్నరా, హాస్టల్ ఎంత, అడ్వాన్స్ వాపస్ ఇచ్చిన్రా. పొడుగు రిజిస్టర్ల కాలేజీ కోడ్ వారీగా రాస్తున్న. ఇప్పటికి ముప్పై ఒక్క కాలేజీలు అయినయి. అందుల ఒక్క దాంట్ల కూడా ట్యూషన్ ఫీజు మాత్రమే కట్టిన పిల్ల నాకు కనబడలే, యూనివర్సిటీ కాలేజీలల్ల కూడా పరీక్ష ఫీజు, హాస్టల్ డిపాజిట్ ఉంటయి. కానీ తేడా ఎంతంటే ఒకే ట్యూషన్ ఫీజు ఉన్న రెండు కాలేజీల నడుమ నాలుగేండ్లల్ల రెండు లక్షల దాకా తేడా వచ్చింది. 60 వేల ఫీజు ఉన్న కాలేజీ, 90 వేల ఫీజు ఉన్న దానికంటే ఎక్కువ పడ్డది ఒక చోట, ఎందుకంటే అది ఊరి బయట, హాస్టల్ తప్ప దారి లేదు, హాస్టల్ వాళ్ళదే, రేటు వాళ్ళ ఇష్టం.

ఇది నేను ఒక్కణ్ణి ఒక మండలంల కూసొని చేసే పని కాదు, ఇది మీరు ఒక్క సర్క్యులర్‌తోని చేయగలిగే పని.

అందుకే అడిగేది ఒక్కటే. వెబ్ ఆప్షన్లు పెట్టే పేజీల, లాస్ట్ ర్యాంక్ షీట్‌ల, ఆ ట్యూషన్ ఫీజు పక్కన ఇంకో నాలుగు కాలమ్‌లు పెట్టండి. ట్యూషన్ కాకుండా ఏడాదికి తీసుకునే మిగతా ఫీజులన్ని కలిపి ఎంత. బస్సు ఎంత, నాలుగేండ్లదీ. హాస్టల్ ఎంత. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఎంత, అది తప్పనిసరా కాదా. కాలేజీ వాళ్ళే నింపి సంతకం పెట్టాలె, అందుల రాయనిది తర్వాత వసూలు చేయొద్దు. ఫీజుల కమిటీ మూడేండ్లకోసారి బ్లాక్ పీరియడ్‌కి ఫీజు పెట్టేటప్పుడు కాలేజీల నుంచి ఆడిట్ లెక్కలు, జీతాల లెక్కలు అన్ని తెప్పించుకుంటది కదా, అప్పుడే ఇది కూడా రాయించుకుంటే అయిపోయె. 1983 చట్టం ప్రకారం నిర్ణయించిన ఫీజు కంటే ఎక్కువ తీసుకుంటే క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం రూల్‌కు మించి గుంజే పైసల కిందికే వస్తది, ఆ చట్టం ఇప్పటికీ ఉంది, మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకి మాత్రం ఆ పేరే తెలవదు.

ఇంకా వీలైతే ఆ స్క్రీన్ మీదనే పిల్ల ర్యాంకు, కులం, ఆదాయం కొడితే రీయింబర్స్‌మెంట్ పోను నాలుగేండ్లకు నువ్వు కట్టేది ఇంత అని ఒక అంకె వచ్చేటట్టు చేయండి. వివరాలన్ని వెరిఫికేషన్‌ల మీ దగ్గరికి వచ్చే ఉంటయి. బీసీ పిల్లలకి ఊర్లల్ల లక్షన్నర, టౌన్లల్ల రెండు లక్షల ఇన్‌కమ్ లిమిట్ అని చాలామందికి తెలవక, ఇన్‌కమ్ సర్టిఫికెట్ల వెయ్యి రూపాయలు ఎక్కువ పడి మొత్తం పోగొట్టుకున్నోళ్ళని చూసిన. మిగిలిపోయిన సీట్లకు కాలేజీల దగ్గరే పెట్టే స్పాట్ అడ్మిషన్ల చేరితే అసలు రీయింబర్స్‌మెంటే రాదని చేరినంక తెలుసుకున్నోళ్ళని కూడా చూసిన. స్పాట్ నోటిఫికేషన్ల అది పెద్దక్షరాలతో రాయాలె సార్, చిన్నక్షరాలతో చివర్ల కాదు.

ఇట్ల తెలవక పోగొట్టుకున్న వాటిల్ల నాకు అన్నిటికంటే బాధ అనిపించింది ఇంకోటి ఉంది. మా పక్క ఊరి పిలగాడు ఒకడు జేఈఈ మెయిన్ రాసిండు, నిట్ వరంగల్ హోమ్ స్టేట్ కోటాల ఏదో ఒక బ్రాంచ్ వచ్చేటట్టు ఉండె. వాళ్ళ నాయన ఏడాదికి లక్షా 25 వేల ట్యూషన్ ఫీజు అని చూసి మనతోని కాదు అని నిట్ సీట్లకు పెట్టే జోసా కౌన్సెలింగ్ ఆప్షన్లే పెట్టనియ్యలే. ఆదాయం లక్ష లోపు ఉంటే నిట్‌ల ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ, ఎస్సీ ఎస్టీ పిల్లలకి ఎట్లైనా మాఫీ. అంటే వాళ్ళకి పడే ట్యూషన్ ఫీజు ఏడాదికి 42 వేలు కూడా దాటకపోవు. ఆ పిలగాడు ఇప్పుడు చదివే ప్రైవేట్ కాలేజీల దానికంటే ఎక్కువ కడుతున్నడు. ఇది రాష్ట్రం చేతిల ఉన్న కాలేజీ కాదు, నాకు తెలుసు, కానీ ఎప్‌సెట్ ర్యాంక్ కార్డు వెనకాల రెండు లైన్లు తెలుగుల రాస్తే ఏం పోతది.

పదో తరగతి పిల్లలకైతే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, ఆరేండ్ల కోర్సు, పది మార్కులతోనే. ప్రభుత్వ పాలిటెక్నిక్‌ల కంప్యూటర్ డిప్లొమా అయితే ఏడాదికి 3,800 ఫీజు, మూడేండ్లు అయినంక ఈసెట్ రాసి బీటెక్ సెకండ్ ఇయర్ల చేరొచ్చు, అంటే ఒక ఏడాది ఫీజు కట్టే పనే లేదు. ఈ దారి తెలిసినోళ్ళు మా దిక్కు ఇంటికొకరు కూడా లేరు, ఇంటర్ ఎంపీసీ తప్ప ఇంజనీరింగ్‌కి దారి లేదనే అనుకుంటరు.

చదువు నాణ్యత సంగతి నాకు అంత తెలవదన్న గదా, కానీ ఒక్కటి అడుగుత. 2024 నుంచి ఒక బ్రాంచ్‌ల ఇన్ని సీట్లే ఉండాలె అన్న పరిమితిని మంచిగ నడిచే కాలేజీలకు ఏఐసీటీఈ తీసేసింది, అప్పటి నుంచి చాలా కాలేజీలు మెకానికల్, సివిల్ తగ్గించి కంప్యూటర్ సెక్షన్లు పెంచుకున్నయి. పిల్లలు చెప్తున్నరు, ఒక సార్ రెండు సెక్షన్లను కలిపి ఒక హాల్ల చెప్తున్నడు అని. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచ్‌కి ఇస్తరు, మరి నిన్నమొన్న పెట్టిన ఏఐ బ్రాంచ్‌కి అది ఎట్ల ఉంటది, ఫ్లెక్సీల మీద మాత్రం కాలేజీ పేరు కింద ఎన్‌బీఏ అని రాసుకుంటరు. అట్లనే ఫ్లెక్సీల మీద ఒక్క పిలగాని ఫోటో, కింద 40 లక్షల ప్యాకేజీ. కాలేజీలకు ర్యాంకులిచ్చే కేంద్రం వాళ్ళ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి ఇచ్చే లెక్కల్ల మీడియన్ జీతం అని ఉంటది, అంటే అందరిని జీతం వరుసల నిలబెడితే నడుమ ఉన్నోని జీతం, అది కూడా ఆ షీట్‌ల కోడ్ పక్కన పెడితే చాలు, ఆ నడిమి పిలగాని జీతంతోని నాలుగు లక్షల అప్పు ఎన్నేండ్లకు తీరుతదో తల్లిదండ్రులే చూసుకుంటరు.

కాలేజీల మేనేజ్‌మెంట్ వాళ్ళు ఇది ఒప్పుకోరు అని కొందరు అంటున్నరు. 30 శాతం సీట్లు వాళ్ళ చేతులనే ఉన్నయి, అందుల ఏం చేస్తరో వాళ్ళిష్టం అని నేను అనను, కానీ నేను మాట్లాడేది కన్వీనర్ కోటా 70 శాతం గురించి, అది మీ పేజీల మీ బటన్ నొక్కి ఇచ్చే సీటు. నిజంగ తక్కువ తీసుకునే కాలేజీలు ఉన్నయి సార్, నా రిజిస్టర్లనే ఆరు ఏడు ఉన్నయి, ట్రైనింగ్ ఫ్రీగ ఇస్తున్నరు, బస్సు కిలోమీటర్ లెక్కన తీసుకుంటున్నరు, అడిగితే రసీదు ఇస్తున్నరు. ఈ కాలమ్‌లు పెడితే ముందుగాల మంచిగ అయ్యేది వాళ్ళకే, ఇప్పుడు పీఆర్వోలను పెట్టుకునే పైసలు లేక వాళ్ళ సీట్లే మిగిలిపోతున్నయి.

నా రిజిస్టర్ ఉంది, ముప్పై ఒక్క కాలేజీలు, పిల్లల పేర్లు లేవు, కోడ్‌లు, ఏడాది, కట్టిన పైసలు, రసీదు ఉందా లేదా అంతే. మీకు పనికొస్తదంటే స్కాన్ చేసి పంపుత, లేదంటే హెల్ప్‌లైన్ సెంటర్‌కి తీసుకొచ్చి ఇస్త. వచ్చే కౌన్సెలింగ్ లోపు మీ పేజీల ఆ కాలమ్‌లు వస్తే ఈ రిజిస్టర్ నేను బంద్ చేస్త, అప్పటిదాకా వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు స్క్రీన్ పక్కనే తెరిచి పెడత. ఆ బీడీల తల్లికి రెండో బిడ్డ ఉన్నది, ఇప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్.

ఇట్లు,
మండల కేంద్రంల నెట్ సెంటర్ నడిపే ఒక అన్న,
జగిత్యాల జిల్లా